నీడ మడిలో ఏ గడ్డలు వేయాలి? మళ్లీ కుళ్లిపోయాయి

తులసికోట:
మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నాను. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు సరిగ్గా వ్యతిరేకం చెబుతున్నారు, తల తిరిగిపోతోంది. మాది బెంగళూరు, మారతహళ్లి దగ్గర. ఇంటి పక్కన కాంపౌండ్ గోడ వెంట 12 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు మడి ఉంది. నీడ. ఏప్రిల్‌లో 20 లిల్లీ గడ్డలు పెట్టాను. ఆకులు వచ్చాయి కానీ ఈ సెప్టెంబర్ దాకా ఒక్క పువ్వూ లేదు. ఇవాళ తవ్వి చూస్తే సగానికి పైగా మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. పోయినేడు ఆన్‌లైన్‌లో తెప్పించిన తులిప్ గడ్డలూ అంతే. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, రోజూ చూసుకోవడం కుదరదు. ఒకసారి వేస్తే ఏటా వాటంతటవే పూసేవి చెప్పండి. ఎండలోకి మార్చమని మాత్రం అనకండి, వేరే చోటు లేదు.

ఎర్రమట్టి:
లిల్లీకి ఎండ కావాలి. నీడలో పూయదు.

పెరటిగుమ్మం:
ఏ లిల్లీ అండీ? మనవాళ్లు దండల్లో కట్టే లిల్లీ అంటే నేలసంపెంగ, ఇక్కడ సుగంధరాజ అంటారు. దానికి పూర్తి ఎండ కావాలి. నర్సరీలో అడిగితే రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, పీస్ లిల్లీ అని పది చూపిస్తారు. వీటిలో ఏదీ లిల్లీ కుటుంబానిది కాదు. పీస్ లిల్లీకైతే గడ్డే ఉండదు, అది చేమ, కంద కుటుంబం. నిజంగా లిల్లీ కుటుంబంలోది మీరు పోయినేడు వేసిన తులిప్. దానికి 12 వారాలకు పైగా గట్టి చలి తగలాలి. మన జనవరి చలి దానికి సరిపోదు, ఆ డబ్బు మళ్లీ పెట్టకండి.

ఎర్రమట్టి:
ముందు గడ్డ వేరు, దుంప వేరు అని తెలుసుకోవాలి. ఉల్లిలా పొరలుంటే గడ్డ. రంగురంగుల ఆకుల క్యాలేడియంది దుంప.

పెరటిగుమ్మం:
మా కడప వైపు ఉల్లిపాయ ఎర్రగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. రెండూ గడ్డలే! ఆవిడ అడిగింది నీడలో బతికేవి, పేర్ల పంచాయితీ తర్వాత పెట్టుకుందాం.

ఎర్రమట్టి:
పేరు తప్పుగా అడిగినందుకే తప్పు గడ్డ వచ్చింది. అందుకే చెప్పాను.

నత్తగుల్ల:
మీ మడిలో నత్తలున్నాయా? దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ పెద్ద నత్తలు ఆఫ్రికా నుంచి వచ్చినవి. వానాకాలం ఒక్క రాత్రిలో లేత ఆకులన్నీ తినేస్తాయి. దయచేసి ఉప్పు చల్లకండి, నత్తతో పాటు మట్టీ పాడవుతుంది. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెట్టండి, పొద్దున్నే అక్కడ చేరి ఉంటాయి. చేతికి గ్లౌజ్ తొడుక్కునే ఏరాలి, వాటి జిగురులో మనకు జబ్బు చేసే పురుగులు ఉండొచ్చు. ఒక్క వానాకాలం వదిలేస్తే ఇక మీ వల్ల కాదు.

తులసికోట:
నత్తలు లేవండీ. నావి ఆ సుగంధరాజ గడ్డలే. కుళ్లు సంగతి చెప్పండి.

పెరటిగుమ్మం:
మడిలో ఎండ ఎన్ని గంటలు? మట్టి ఎంత లోతు? నీళ్లు ఎటు పోతాయి?

తులసికోట:
పొద్దున 8 నుంచి 10 దాకా కాస్త ఎండ పడుతుంది. లోతంటే, కింద నీళ్ల సంప్ ఉంది కదా, దాని స్లాబ్ మీదే మట్టి పోయించాం. 7 అంగుళాలు ఉంటుందేమో. మేడ మీది వాన గొట్టం కూడా ఆ మూలకే వస్తుంది.

పెరటిగుమ్మం:
అమ్మా, ఇది మొదటే చెప్పాల్సిన మాట! పూలు రాకపోవడం నీడ వల్ల, కుళ్లడం మాత్రం నీళ్ల వల్ల. స్లాబ్ మీద నీళ్లు నిలిచిపోతున్నాయి. ఆ గొట్టం మళ్లించి, మడి అంచున అడుగు నుంచి నీళ్లు పోయేలా రంధ్రాలు పెట్టించండి. అప్పటిదాకా ఏ గడ్డా కొనకండి. కింద మీ ఇంటి నీళ్లున్నాయి, ఆ మట్టిలో పురుగుమందులు వాడకండి.

తర్వాత ఫుట్‌బాల్ లిల్లీ వేసుకోండి. వేసవి జల్లులు పడ్డాక ఎర్రటి బంతిలా పూస్తుంది. ఆకులు వానాకాలమంతా ఉండి, చలికాలంలో ఎండిపోతాయి. చచ్చిపోయిందని పారేయకండి, నిద్రపోతోంది. ఆ రోజుల్లో నీళ్లు పోస్తే మళ్లీ కుళ్లే. క్యాలేడియంకీ అదే పద్ధతి, రంగంతా ఆకుల్లోనే. మీ మట్టి లోతు తక్కువ కాబట్టి ఈ రెండింటినీ మట్టి కుండీల్లో వేసి మడిలో నిలపండి, నిద్రపోయే కాలంలో కుండీ తీసి వాన తగలని చోట పెట్టేయొచ్చు. యూకారిస్ గడ్డలు దొరికితే వదలకండి. తెల్లగా, వాసనగా పూస్తుంది, ఆకులు ఏడాదంతా పచ్చగా ఉంటాయి, వేర్లు ఇరుకుగా ఉంటేనే దానికి ఇష్టం. మధ్య ఖాళీల్లో స్పైడర్ ప్లాంట్, మోండో గ్రాస్, ఫెర్న్ సరిపోతాయి. లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీల్లో అడిగి చూడండి. పేరు చెప్పడం కన్నా ఫోన్‌లో ఫొటో చూపించడం మేలు.

ఎర్రమట్టి:
కావేరి నీళ్లు పోయకండి. 2024 మార్చిలో తాగునీళ్లు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా పెట్టారు. బియ్యం కడిగిన నీళ్లు చాలు.

నత్తగుల్ల:
ఇంట్లో చిన్న పిల్లలుంటే క్యాలేడియం అందనివ్వకండి. కందలో దురద పెట్టేదే అందులోనూ ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే మంటెత్తుతుంది. మిగతా గడ్డలు కూడా నోట్లోకి పోకూడదు, వాంతులవుతాయి.

తులసికోట:
పిల్లాడికి మూడేళ్లు, కుండీలు గోడ మీద పెడతాను. గొట్టం సంగతి మా ఆయనకు చెప్పాను, ఆదివారం ప్లంబర్ వస్తానన్నాడు. థాంక్స్ అండీ.

ఎర్రమట్టి:
కుళ్లని సుగంధరాజ గడ్డలు ఎన్ని మిగిలాయి? మా మేడ మీద రోజంతా ఎండ. పారేయకండి, వచ్చి తీసుకెళ్తాను.