నలభై దాటినోళ్లు ఇప్పుడు ఏ గేములు ఆడతా ఉండారు?

తిరుపతి నుంచి అడగతా ఉండానన్నా. ఇంజనీరింగ్ రోజుల్లో బాలాజీ కాలనీ నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ముందు కూచుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు అక్క కొడుకుతో బీజీఎంఐ (ఫోన్లో ఆడే పబ్జీ లాంటి తుపాకుల ఆట) ఆడితే, ఎదుటోడు యాడుండాడో నేను చూసేలోపే వీడు కాల్చేసి “మామా, నువ్వు జీపు తోలు చాలు” అంటాడు. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధం గేము ఆటగాళ్ల మీద 2014లో వచ్చిన పరిశోధనలో ఈ చురుకు 24 ఏళ్ల నుంచే తగ్గతాదని తేలిందంట. సరే, చేతుల సంగతి వదిలేయండి.

అసలు ఇబ్బంది టైము. అంగడి మూసి ఇంటికొచ్చేసరికి పది. పాప పిలిస్తే ఆన్‌లైన్ మ్యాచ్‌ని పాజ్ చేయలేం గదా. అందుకని సివిలైజేషన్ 5 పట్టుకున్నా. వంతులవారీ ఆట, ఎప్పుడైనా లేవచ్చు. లేస్తే గదా! “ఇంకొక్క టర్న్” అనుకుంటా ఉంటే కొండ మీద సుప్రభాతం వేళవతాది.

కథ బాగుండి, అరగంట ఆడి ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకునే గేములు చెప్తారా? గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్ నాది. పొలం చేసుకునే గేము స్టార్‌డ్యూ వ్యాలీ అన్నారు గానీ, కంప్యూటర్లో అయితే గేములో మన బొమ్మ పడుకుంటేనే సేవ్ అవతాదంట. ఆడేవాళ్లకు అది అడ్డం కాదా?