సమస్య: మీసములను దువ్వె మీననేత్రి

నిర్వాహకులు
ఈ వారం పద్యానికి ఆఖరి పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

*మీసములను దువ్వె మీననేత్రి*

నిన్న రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు తోచింది. తోచిన దగ్గర్నుంచి నవ్వుకుంటూనే ఉన్నాను. షరతు ఒక్కటే. ఈ మధ్య మీరు చూసిన సినిమాయో, సీరియలో, ఇంకేదైనా కార్యక్రమమో పద్యంలో కనపడాలి. పద్యం కింద చూసినదాని గురించి నాలుగు మాటలు కూడా రాయండి. గతవారం కాకి సమస్య దగ్గర జరిగిన గొడవ ఇక్కడికి మోసుకురావద్దని మనవి.

తెనాలి అత్తయ్య

రేఖ రూపు దాల్చి రెచ్చె ఘటోత్కచుఁ
డెవరు లేని వేళ నెలమి మీఱ
ఘంటసాల గళము కదిలెఁ బెదవులందు
మీసములను దువ్వె మీననేత్రి

‘మాయాబజార్’ మళ్ళీ చూశాను. పిల్లలు మొదట 2010లో రంగులద్దిన ప్రతి పెట్టారు. కాసేపటికే ఆపించి, 1957 నాటి నలుపు తెలుపే పెట్టించాను. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే వెన్నెలకి రంగు అక్కర్లేదు. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు నడుస్తున్నంతసేపూ సావిత్రి పెళ్ళికూతురు. ఘంటసాల అందుకోగానే ఆ భుజాలు వేరు, ఆ చూపు వేరు. ఎస్వీ రంగారావు ఆ ఒంట్లోకి దూరి కూర్చున్నాడేమో అనిపిస్తుంది. మళ్ళీ రెప్పపాటులో సిగ్గు! ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు ఎక్కడ మొదలవుతుందో పట్టుకోలేను.

డాలస్ అబ్బాయి
అత్తయ్యా, మూడో పాదం బంగారం. ఆడమనిషి పెదవుల మీద ఘంటసాల గళం కదలడం అన్నాక ఇక సమస్యే లేదు, విడిపోయింది. కానీ శశిరేఖ పేరులో సగం కోసేసి ‘రేఖ’ అన్నారే, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. కొత్తవాళ్ళు ఏ రేఖ అనుకుంటారు?

తెనాలి అత్తయ్య
ఘటోత్కచుడు పక్కనే ఉన్నాడు కదు నాయనా. ఆయన పక్కన ఇంకే రేఖ ఉంటుంది? నువ్వు నీ పద్యం వెయ్యి ముందు. ప్రతిసారీ విమర్శ ముందు వచ్చి, పద్యం మూడు రోజులకి వస్తుంది నీ దగ్గర్నుంచి.

డాలస్ అబ్బాయి
ఈసారి వెంటనే వేస్తున్నాను.

కీర్తిలోనఁ జూడ్కి కెదురు సావిత్రియే
యామెలోన నున్న దసుర మూర్తి
నటన పొరలు విప్ప నాలుగు తేలెను
మీసములను దువ్వె మీననేత్రి

శనివారం ఇక్కడ స్నేహితులందరం కలిసి ‘మహానటి’ చూశాం. 2018లో హాల్లో చూసినప్పుడు రెండో సగం గుండె మీద కూర్చుంది. ఈసారి మొదటి సగమే ఎక్కువ పట్టుకుంది. దర్శకుడు కె.వి. రెడ్డిగా క్రిష్, ఎస్వీఆర్‌గా మోహన్ బాబు, అందరూ కలిసి ‘మాయాబజార్’ లోకం మళ్ళీ కట్టారు. అందులో కీర్తి సురేష్ చేస్తున్నది సావిత్రిని కాదు, ఘటోత్కచుణ్ణి దాచుకున్న శశిరేఖని చేస్తున్న సావిత్రిని. జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

బందరు బాబాయి
లెక్క సరిచూడు అబ్బాయ్. నాలుగు తేలెను అన్నావు. కీర్తి ఒకటి, సావిత్రి రెండు, అసురమూర్తి మూడు. నాలుగోది ఏది? పద్యం చెప్పిన లెక్క పద్యంలోనే తేలాలి. కింద వచనంలో రాసింది చెల్లదు.

డాలస్ అబ్బాయి
నాలుగోది సమస్యలోనే ఉంది బాబాయ్. మీననేత్రి ఎవరనుకున్నారు? శశిరేఖే. ఇచ్చిన పాదంలోని మనిషిని లెక్కలో కలుపుకోవడమే ఈ పూరణ. విడిగా పేరు చెప్తే ఆఖరి పాదానికి పని లేకుండా పోతుంది.

తెనాలి అత్తయ్య
ఇది నచ్చింది నాకు. సమస్య పాదాన్ని తోకలా తగిలించలేదు, దానితో పని చేయించుకున్నాడు. బాబాయి గారు ఒప్పుకోరులెండి, ఆయన ఒప్పుకున్న పద్యం ఏదైనా ఉందా అసలు?

ఓరుగల్లు

రుద్రదేవుఁ డనుచు రూఢిగాఁ బెంచెను
కన్నకూఁతు నపుడు గణపతి విభుఁ
డోరుగల్లు కోట యొడలెల్లఁ బులకింప
మీసములను దువ్వె మీననేత్రి

గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ (2015) చూసిన. వచ్చినప్పుడు మా దోస్తులు గ్రాఫిక్స్ బాగలేవని పక్కన పెట్టేసిన్రు. మళ్ళీ చూస్తే నాకు గ్రాఫిక్స్ కాదు, ఆ ముడి కనపడ్డది. కొడుకు లేడని తెలిస్తే సామంతులు ఊరుకోరని బిడ్డను కొడుకని చాటి పెంచడం. శాసనాలల్ల ఆమెను రుద్రదేవ మహారాజు అనే రాసిన్రు. నల్లగొండ దిక్కు చందుపట్ల శాసనం 1289ది, ఆమె మరణం సంగతి అందులనే ఉన్నది. సామంతుడు కాయస్థ అంబదేవుని మీద యుద్ధంల ముసలితనాన పోయిందని చరిత్రకారులు చెప్తరు. సినిమా అంతదాకా పోలేదు, పోతే బాగుండు.

బందరు బాబాయి
మూడో పాదం మాత్రం నిజంగా బాగుంది. కోట ఒళ్ళంతా పులకించడం మంచి ఊహ. ఓరుగల్లుకి ఒడలు, పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన యతి కూడా హాయిగా కూర్చుంది. కానీ రెండో పాదంలో ‘అపుడు’ ఏం చేస్తోంది? గణం, అంటే అక్షరాల లెక్క, నిండాలి కాబట్టి వచ్చి కూర్చుంది. ఇంకోటి, సినిమాలో అనుష్క మీసం దువ్విన షాట్ ఏదో చెప్పు. చూసినది పద్యంలో కనపడాలని నిర్వాహకుల షరతు.

ఓరుగల్లు
మీసం దువ్వుడంటే పౌరుషం చూపుడు. పందెంల గెలిచినోడు మీసం దువ్విండంటే అద్దం ముందర నిలబడ్డడని అర్థమా? మగవాని రాజ్యాన్ని ఆడబిడ్డ ఏలింది, అదే దువ్వుడు. మీరు గతవారం కూడా నా పద్యంల మాట పట్టుకొని భావం వదిలేసిన్రు. ‘నల్లిబొక్క’ గుర్తుందా?

నిర్వాహకులు
కాకి గొడవ వద్దని ముందే చెప్పాను. బాబాయి గారూ, మీ పూరణ ఇంకా రాలేదు.

బందరు బాబాయి

తెర వెనుకను హీరో తీరుగాఁ గూర్చుండ
నంటుపెట్టి జిగురు నదిమి యదిమి
చిన్ని దువ్వెనఁ గొని చెదరకుండఁగ నోర్మి
మీసములను దువ్వె మీననేత్రి

మీరందరూ మీసం ఆమెదే అనుకుని ఆవిడకి వేషాలు వేశారు. ఆమెదని సమస్యలో ఎక్కడుంది? దువ్వింది ఆమె, మీసం అతనిది. మొన్న ఒక సినిమా మేకింగ్ వీడియో చూశాను. సన్నని నెట్ మీద వెంట్రుకలు అల్లిన మీసం, స్పిరిట్ గమ్ రాసి అంటించి, అంచులు వేలితో అదిమి, ఆరిందా లేదా అని ఊది చూసి, అప్పుడు బుల్లి దువ్వెనతో దువ్వుతోంది మేకప్ అమ్మాయి. ఆయన డైలాగు మననం చేసుకుంటున్నాడు, ఆమె కళ్ళు ఆ మీసం మీద నుంచి కదల్లేదు. చెమటకి ఒక అంచు లేచినా ముందు షాటుకీ వెనక షాటుకీ పొంతన ఉండదు. తెర మీద ఆయన మీసం మెలేస్తే ఈలలు పడతాయి. ఆ ఈలల్లో ఆమెకి రావాల్సిన వాటా ఉంది, అందుకే రాశాను.

డాలస్ అబ్బాయి
బాబాయ్, ఇది దెబ్బ! మీసం ఎవరిది అన్న ప్రశ్న మాకెవరికీ రాలేదు. నదిమి యదిమి అన్నచోట వేళ్ళు కనపడుతున్నాయి.

ఓరుగల్లు
భావం చాలా బాగున్నది, నేను కాదనను. కాని మొదటి పాదం మూడో గణం చూడుండ్రి. ‘హీరో’. రెండూ గురువులే, అంటే నిడివి అక్షరాలే. ఒక నిడివి, ఒక పొట్టి గాని, మూడు పొట్టివి గాని ఉండాల్సిన సూర్యగణం ఎట్ల అయితది?

బందరు బాబాయి
వాడుకలో ‘హీరొ’ అని తేల్చి పలుకుతాం. అన్యదేశ్యాలకి, అంటే పరభాషా పదాలకి, ఆ వెసులుబాటు ఉంది.

ఓరుగల్లు
అన్యదేశ్యానికి వెసులుబాటు ఉన్నది, మా మాండలికానికి లేదు. గతవారం నా పద్యంల ‘బొక్క’ గ్రామ్యమని, మూలుగ బొమిక అనాలని చెప్పింది మీరే కద. ఆ పద్యం మళ్ళ పెడుతున్న, అందరూ చూడుండ్రి.

నల్లిబొక్క పగయె నలుసయ్యెఁ గంటిలో
బావ మఱఁది నడుమఁ బలుకు లేదు
పదియు నొకటి నాళ్ళ బరువెల్లఁ గరగఁగా
కాకి వాలఁగానె కనుల వాన

‘బలగం’ సినిమాల తగువు మొదలైందే నల్లిబొక్క కాడ. దాన్ని మూలుగ బొమిక అంటే అల్లుడు నారాయణ అలక ఎవరికి అర్థమైతది? తినే పళ్ళెంల పడ్డ మాటతోనే ఆ ఇల్లు ఏండ్లు విడిపోయింది. పెట్టిన పిండం పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాది పడే ఆరాటం మాకు సినిమా కాదు, మా ఇంట్ల జరిగేదే. అందుకే 2023ల ఊరూరా పంచాయతి కాడ తెర కట్టి అందరూ కలిసి చూసిన్రు.

తెనాలి అత్తయ్య
నిర్వాహకులు కోప్పడినా సరే, దీని మీద ఒక మాట చెప్పాలి. ఈ పద్యంలో ‘నలుసయ్యెఁ గంటిలో’ అని మొదటి పాదంలో పడిన నలుసు, ఆఖరి పాదంలో కనుల వానకి కొట్టుకుపోయింది. గతవారం అందరూ బొక్క దగ్గరే ఆగిపోయారు గానీ ఇది ఎవరూ చూడలేదు. మేం కోస్తావాళ్ళం ఆ సినిమా చూస్తూ మొదట్లో కొన్ని మాటలు అడిగి తెలుసుకున్నాం. చివర కొమురమ్మ, మొగిలయ్య అందుకున్న పాట దగ్గర మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్న అందరం ఏడ్చాం. ఏళ్ళుగా మాట్లాడుకోని మా ఇద్దరు మరుదులూ ఆ గదిలోనే ఉన్నారు.

ఓరుగల్లు
మొగిలయ్య 2024 డిసెంబరుల పోయిండు అత్తయ్యా. బుడగజంగాల కళాకారుడు, ఊరూరా చావుల కాడ పాడి బతికినోడు. సినిమా రాకుంటే ఆ గొంతు మా జిల్లా దాటేది కాదు.

బందరు బాబాయి
ఆ పాట విన్నప్పుడు నేనూ కుర్చీలోంచి లేవలేదు. నల్లిబొక్క అక్కడ ఉండాల్సిందే, నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నట్టు రాసుకోండి. ‘హీరో’ సంగతి వేరే, దాని మీద మాత్రం వాదిస్తాను.

తెనాలి అత్తయ్య
వాదన దేనికండీ. ‘తెర వెనుకను నటుఁడు తీరుగాఁ గూర్చుండ’. గణం నిలబడింది, యతి కదల్లేదు.

బందరు బాబాయి
నటుడు ఎవరైనా కావచ్చు. హీరో అంటేనే ఆ మీసానికి అంత విలువ. అయినా అత్తయ్య గారి మాట, ఉండనివ్వండి.

మణికొండ అమ్మ
నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

పాల నురుగు పెదవిపైని మీసమ్మయి
బొమ్మలందు మునుఁగు బుడుతఁ జేరి
చీర చెఱఁగుతోడఁ జెరుపఁబోయియు నాగి
మీసములను దువ్వె మీననేత్రి

ఈ మధ్య నేను చూసిన కార్యక్రమం మావాడు చూసేదే, ‘ఛోటా భీమ్’. మన హైదరాబాదులోనే తయారవుతుందని తెలిసినప్పటి నుంచీ నేనూ పక్కన కూర్చుని చూస్తున్నాను. 2008లో మొదలైన బొమ్మలకి ఇప్పటి నాలుగేళ్ళవాడు గ్లాసు ఎత్తిన చెయ్యి దించకుండా చూస్తున్నాడు. భీముడు లడ్డూ నోట్లో వేసుకున్నప్పుడల్లా మావాడు ఒక గుక్క తాగుతాడు. అన్నం పెట్టే వేళకి కూడా లడ్డూల ఎపిసోడే రావాలని మొక్కుకుంటున్నాను.

తెనాలి అత్తయ్య
అమ్మా, ఎక్కడున్నావమ్మా ఇన్నాళ్ళూ! ‘చెరుపఁబోయియు నాగి’. ఆ ఆగడంలోనే ఉంది పద్యమంతా. తుడిచేద్దామని చెరగు ఎత్తిన చెయ్యి, ఆ మీసం చూసి మనసు మారి వేలితో దువ్వింది. ఇంతకంటే చిన్న సంఘటన ఉండదు, ఇంతకంటే పూర్తిగా విడిన సమస్యా ఉండదు.

బందరు బాబాయి
పద్యం బాగుంది, శుభం. కానీ నురుగు దువ్వితే నిలుస్తుందా? మీసం చెదిరిపోదూ?

మణికొండ అమ్మ
చెదిరిపోయిందండీ. ఇంకో గుక్క తాగి మళ్ళీ పెట్టుకొచ్చాడు.

డాలస్ అబ్బాయి
బాబాయ్, ఈ జవాబుకి మీ దగ్గర విమర్శ ఏమైనా ఉందా?

బందరు బాబాయి
లేదు. ఆ అమ్మాయికి యతి కూడా సరిగ్గా పడింది, చీరకి ‘జెరుప’. పాలకి ‘పైని’ వేసిన తీరు చూస్తే చెయ్యి తిరిగినదే అనిపిస్తోంది. మొదటిసారి అంటే నమ్మను.

ఓరుగల్లు
నా పద్యంల ‘అపుడు’ తీసేసి ‘కన్నకూఁతు నచటఁ గణపతి విభుఁడు’ అంటే ఎట్లుంటది?

బందరు బాబాయి
అపుడు పోయి అచట వచ్చింది, అదీ పూరకమే. పైగా చివర్న ‘డు’ ఇక్కడే రాస్తే మూడో పాదం ‘డోరు’ ఏమైపోతుంది? ‘కన్నకూఁతు ముదముఁ గణపతి విభుఁ’ అని చూడు. తండ్రి సంతోషమైనా వస్తుంది.

ఓరుగల్లు
‘ముదము’ బాగున్నది. తీసుకుంటున్న బాబాయ్.

నిర్వాహకులు
ఈ వారం మొదటి స్థానం మణికొండ అమ్మది. మీసం ఎవరిదని అడిగినందుకు బాబాయి గారిది రెండోది, ‘నటుఁడు’ తోనే నమోదు చేస్తున్నాను. నాలుగో మనిషిని సమస్యలోంచే తీసిన డాలస్ అబ్బాయిది మూడోది. వచ్చేవారానికి పాదం:

*చూపు లేనివాఁడె చూచె ముందు*

షరతు మామూలే.

బందరు బాబాయి
దీనికి మహాభారతం సీరియల్‌లో ధృతరాష్ట్రుణ్ణి ఎవరూ తేవద్దు, అది నేను మొదలుపెట్టేశాను.

ఓరుగల్లు
ధృతరాష్ట్రుడు ముందు చూసిందేంది బాబాయ్? సంజయుడు చెప్తే విన్నడు. పద్యం పెట్టండి, గణాలు నేను చూస్త.