నాలుగవ ఇవాన్ క్రూరత్వానికి బాల్యమే కారణమా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, హనుమకొండ):
కాలేజీ సెమినారు కోసం రష్యా పాలకుడు నాలుగవ ఇవాన్ గురించి చదువుతున్నాను. 1530లో పుట్టిన అతను మూడేళ్లకే తండ్రిని, ఎనిమిదేళ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకోగా, దర్బారు పెత్తనమంతా బొయార్లనే పెద్ద ప్రభువంశాల చేతికి పోయింది. అదే పిల్లవాడు రాజయ్యాక 1570లో నొవ్‌గొరొద్ నగరంలో వారాల తరబడి జనాన్ని చంపించాడు. చిన్ననాటి కష్టాలే అతన్ని అలా తయారు చేశాయని రాయవచ్చా?

జవాబు 1 (చరిత్ర అధ్యాపకుడు, వరంగల్):
"కష్టాలు" అని ఊరుకోకుండా, ఏ కష్టమో చూడండి. లిథువేనియాకు పారిపోయిన తన సేనాని కూర్బ్‌స్కీకి 1564లో రాసిన ఉత్తరంలో, తిండికీ బట్టకూ తానూ తమ్ముడూ అల్లాడిన సంగతితో పాటు, తాము ఆడుకుంటుండగా షూయిస్కీ అనే ప్రభువు తమ తండ్రి పడక మీద మోచెయ్యి ఆనించి, కుర్చీ మీద కాలు పెట్టుకుని కూర్చున్న దృశ్యాన్ని ఇవాన్ పూస గుచ్చినట్లు చెప్పాడు. ముప్పై మూడేళ్ల వయసులో కూడా ఆ మోచెయ్యి అతనికి గుర్తుంది. అంటే ఆకలి కన్నా అవమానమే లోతుగా దిగిందన్నమాట. పదమూడేళ్లప్పుడు, 1543లో, ఆ వంశానికే చెందిన ఆంద్రేయ్ షూయిస్కీని వేటకుక్కల కాపరుల చేత చంపించాడు. అడ్డుపడినవాడు లేడు. నా దృష్టిలో అతన్ని ఎక్కువగా చెడగొట్టిన పాఠం ఇదే.

జవాబు 2 (పాఠకుడు, కరీంనగర్):
సార్ చెప్పింది బాగుంది కానీ, ఆ ఉత్తరం తన హింసను సమర్థించుకోవడానికి రాసింది. ముద్దాయే సాక్షి అయిన కేసు అది. పైగా 1547లో పట్టాభిషేకం జరిగాక, 1550లో న్యాయస్మృతిని సవరించి, చాలా ఏళ్లు సలహాదారుల మాట విని పాలించాడు. బాల్టిక్ తీర ప్రాంతమైన లివోనియా కోసం 1558లో మొదలైన యుద్ధం సాగుతుండగా, 1560లో భార్య అనస్తాసియా మరణం, 1564లో కూర్బ్‌స్కీ ఫిరాయింపు వచ్చిపడ్డాకే, 1565లో "ఒప్రీచ్నినా" పేరిట ఆ భయానక పాలన మొదలైంది. బాల్యమొక్కటే కారణమైతే నడుమ అన్నేళ్లు ఎందుకు ఆగినట్లు?

జవాబు 3 (ఉపాధ్యాయురాలు, ములుగు):
మన కాకతీయ రాజు గణపతిదేవుణ్ణి ఇవాన్‌తో పోల్చి చూడండి. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరులో చనిపోగా, గణపతిదేవుడు శత్రువుల చెరలో పడి, 1199 ప్రాంతంలో విడుదలై గద్దెనెక్కాడు. ఆ సంధికాలంలో రాజ్యాన్ని నిలబెట్టినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. మా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి కట్టించింది ఆయనే. ఇవాన్‌కు షూయిస్కీలు దొరికారు, ఈయనకు రుద్రుడు దొరికాడు. గణపతిదేవుడు యుద్ధాలు చేయలేదని కాదు. కానీ 1244 నాటి మోటుపల్లి శాసనంలో, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సొత్తును రాజులు లాక్కునే పద్ధతిని మాన్పించాడు. అయితే శాసనం రాజు మనసు విప్పి చెప్పదు కాబట్టి, ఈ పోలికను మరీ దూరం లాగవద్దు.

ప్రశ్నించిన విద్యార్థి:
ధన్యవాదాలు మేడమ్, సార్. బాల్యాన్ని ఒక భాగానికి కుదించి, 1543 నుంచి 1565 దాకా ఇవాన్ చుట్టూ ఎవరెవరున్నారన్న దాన్నే ప్రధానాంశంగా తీసుకుంటాను.