ట్రాక్ మీద క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోతోంది: మార్చవలసింది క్లచ్ ప్లేటేనా?

ప్రశ్న: మూడోగేరు (ఆస్టిన్, టెక్సస్)

నమస్కారం. వెనక చక్రాలతో నడిచే, ఆరు గేర్ల మాన్యువల్ స్పోర్ట్స్ కారు ఒకటి నా దగ్గర ఉంది. వారాంతాల్లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో జరిగే ట్రాక్ డేలకు (సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజులకు) దాన్ని తీసుకువెళ్తుంటాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చ ఏ కంపెనీ గొప్పదన్న వైపు మళ్ళిపోతుంది.

రోడ్డు మీద ఈ కారుతో ఏ ఇబ్బందీ లేదు. ట్రాక్ మీద మాత్రం, సెషన్ సగం దాటి అన్నీ బాగా వేడెక్కిన తరువాత, పదకొండో మలుపు దాటి పొడవాటి స్ట్రెయిట్ మీద మూడు నుంచి నాలుగో గేరుకు మార్చేటప్పుడు, ఇంజను 6,000 ఆర్‌పీఎం పైన ఉండగా తొక్కిన క్లచ్ పెడల్ తిరిగి పైకి రావడం లేదు. బూటు కొనను పెడల్ కిందికి దూర్చి పైకి లాగితే వస్తుంది. ప్యాడక్‌కు (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటికి) వచ్చి కారు చల్లబడ్డాక అసలేమీ జరగనట్టే పనిచేస్తుంది. ఇది చాలదన్నట్టు, ఈమధ్య వేడి మీద నాలుగు నుంచి మూడుకు దిగేటప్పుడు గేరు గరగరమంటోంది.

చూపించిన షెడ్డువారు కారును పైకెత్తి చూడకుండానే క్లచ్ సెట్టు, ఫ్లైవీల్ (క్లచ్ ఆనుకునే, ఇంజనుతో తిరిగే బరువు చక్రం) మొత్తం మార్చాలని, గేర్‌బాక్సు సంగతి విప్పితే గాని చెప్పలేమని అన్నారు. క్లచ్ ప్లేటు అరిగితే పెడల్ ఇలా నేలకు అంటుకుపోతుందా? గేర్‌బాక్సు దింపించే ముందు ఇంటి దగ్గర నేనే చేసుకోగల పరీక్షలేమైనా ఉన్నాయా?

జవాబు: రెంచి (హ్యూస్టన్)

మీరు చెప్పిన లక్షణాలలో క్లచ్ ప్లేటు అరిగిందనడానికి నాకు ఒక్క ఆధారమూ కనబడలేదు. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది, అంటే పట్టవలసినప్పుడు పట్టదు. మీ కారులో వదలవలసినప్పుడు వదలడం లేదు, పెడల్ తిరిగి రావడం లేదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. అనుమానం తీరాలంటే ఖాళీ రోడ్డు మీద ఐదో గేరులో, తక్కువ ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. కారు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి ఎగబాకితే ప్లేటు జారుతున్నట్టు. రెండూ కలిసి నెమ్మదిగా పెరిగితే ప్లేటుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే.

ఆ తరువాత క్లచ్ రిజర్వాయర్ (పెడల్ ఒత్తిడిని క్లచ్ దాకా మోసే ఆయిల్ ఉండే డబ్బా) మూత తీసి, లోపలి బ్రేక్ ఆయిల్ రంగు చూడండి. లేత తేనె రంగులో ఉండవలసినది నల్లగా, మడ్డిలా కనబడితే సగం జవాబు అక్కడే దొరికింది. ఈ తరహా కార్లలో చాలావాటికి స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే భాగం) బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) లోపల, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉంటుంది. క్లచ్ నుంచి రాలే పొడి దాని సీళ్ళ దగ్గర చేరుతుంది. క్లచ్ వేడి, పక్కనే సాగే ఎగ్జాస్ట్ వేడి రెండూ దానికి తగులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్‌కు ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు మరుగు ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, 3.7 శాతం నీరు చేరాక అది 155 డిగ్రీల వరకు పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయే గాని ఒత్తిడి స్లేవ్ వరకు చేరదు, పెడల్‌ను తిరిగి నెట్టే బలమూ మిగలదు.

బ్రేకులకు ఖరీదైన రేసింగ్ ఆయిల్ పోయించి, క్లచ్‌ను పట్టించుకోనివారిని ప్రతి ట్రాక్ డేలోనూ చూస్తుంటాను. రెండింటికీ ఒకే రిజర్వాయర్ ఉన్న కార్లలో కూడా క్లచ్ గొట్టంలోని ఆయిల్ దానంతట అది మారదు. స్లేవ్ దగ్గర బ్లీడ్ చేస్తే (లోపలి ఆయిల్‌ను, బుడగలను బయటికి తోసేస్తే) తప్ప పాతది అక్కడే ఉడుకుతూ ఉంటుంది.

జవాబు: గోదారిగట్టు (శాన్ హొసే)

రెంచి గారితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, నేరమంతా ఆయిల్ మీదికి నెట్టలేం. ఆయిల్ మరిగితే పెడల్ ఏ ఆర్‌పీఎం దగ్గరైనా మెత్తబడాలి; మీరు 6,000 పైన మాత్రమే అంటున్నారు. ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టే భాగం)లోని, పెడల్‌ను తిరిగి నెట్టే డయాఫ్రం స్ప్రింగు వేళ్ళు ఇంజనుతో పాటు తిరుగుతూ ఉంటాయి కాబట్టి, అధిక వేగంలో అపకేంద్ర బలం వాటి మీద కూడా పనిచేసి, తిరిగి నెట్టే బలాన్ని తగ్గించగలదు. దీనికి తోడు కొన్ని కార్లలో తొక్కేవారికి తేలికగా ఉండాలని పెడల్ దగ్గర ఒక సహాయక స్ప్రింగు పెడతారు. పెడల్ సగం దాటాక అది కిందికే లాగుతుంది. పైకి నెట్టే బలం తగ్గినప్పుడు గెలిచేది ఆ స్ప్రింగే. కాబట్టి ఈసారి వేడి మీద, ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్ లేన్‌లోకి వచ్చేటప్పుడు 2,000 ఆర్‌పీఎం దగ్గర పెడల్ తొక్కి చూడండి. అక్కడ కూడా కిందే ఉండిపోతే ఆయిల్; అక్కడ బాగుంటే ప్రెషర్ ప్లేటు, ఆ సహాయక స్ప్రింగు.

ఇంకో మాట. పెడల్ పైకి రానప్పుడు చెయ్యి కంగారుపడుతుంది, అసలు ప్రమాదం అక్కడ ఉంది. మూడు నుంచి నాలుగుకు లాగబోయి రెండులో వేయడం ట్రాక్ మీద తరచుగా జరిగే పొరపాటు. మూడో గేరు నిష్పత్తి 1.30, రెండోది 1.78 ఉన్న గేర్‌బాక్సులో 6,500 దగ్గర ఇలా జరిగితే ఇంజను 8,900 ఆర్‌పీఎంకు చేరుతుంది. ఇంజనును తిప్పుతున్నది చక్రాలు కాబట్టి రెవ్ లిమిటర్ (ఇంజను వేగం హద్దు దాటకుండా ఆపేది) చేయగలిగేది ఏమీ లేదు. కాలు క్లచ్ మీదే ఉన్నా పూర్తి రక్షణ లేదు. క్లచ్ ప్లేటు గేర్‌బాక్సు షాఫ్టు మీదే ఉంటుంది గనుక అది ఆ వేగంతో తిరగక తప్పదు, అంత వేగానికి దాని లైనింగు పగిలిపోవచ్చు. పెడల్ అంటుకున్న క్షణంలో గేరు మార్చే ప్రయత్నం మాని, యాక్సిలరేటర్ వదిలి, పక్కకు తప్పుకోండి.

మూడోగేరు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఐదో గేరు పరీక్షలో క్లచ్ జారలేదు. రిజర్వాయర్‌లో ఆయిల్ కాఫీ డికాషన్ కంటే నల్లగా ఉంది. నిన్నటి ట్రాక్ డేలో గోదారిగట్టు గారు చెప్పినట్టే పిట్ లేన్‌లో చూశాను. 2,000 దగ్గర కూడా పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోయింది. గేర్‌బాక్సు ఆయిల్ కూడా దింపాను. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద కొంచెం అంటుకుని ఉంది. దింపిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూస్తే బంగారు రంగు పొడి మెరుస్తూ తేలింది, అది అయస్కాంతానికి అంటడం లేదు.

జవాబు: ఔటర్‌రింగ్ (హైదరాబాద్)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నేను ఏడు గేర్ల డ్రై డ్యుయల్ క్లచ్ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునే రకం) కారుతో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తుంటాను. నాకు పెడలే లేదు గాని, గేర్‌బాక్సు వేడెక్కిందన్న హెచ్చరిక వస్తోంది. విచిత్రమేమిటంటే అది ట్రాక్ మీద కన్నా పిట్ లేన్ వరుసలో నిలబడినప్పుడే ఎక్కువ.

గోదారిగట్టు

అందులో విచిత్రం లేదండి. పరుగులో ఉన్నప్పుడు డ్యుయల్ క్లచ్ గేరు మార్చే ఆ లిప్తకాలమే జారుతుంది. వరుసలో అంగుళం అంగుళం కదిలేటప్పుడు మాత్రం అదే పనిగా జారుతూ ఉంటుంది. డ్రై రకంలో ఆ వేడిని మోసుకుపోయే ఆయిల్ ఉండదు. వరుసలో న్యూట్రల్‌లో ఉంచి, ముందు ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి కదలండి. లాంచ్ కంట్రోల్ (నిలిచిన చోటు నుంచి ఒక్కసారిగా దూకించే ఏర్పాటు) జోలికి మాత్రం వెళ్ళకండి. ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లు గల నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 తొలి కార్లలోనే లాంచ్ కంట్రోల్ వాడిన కొందరి గేర్‌బాక్సులు పోయాయి. తరువాత నిస్సాన్ కొత్త ప్రోగ్రాముతో ఆ బయలుదేరే ఆర్‌పీఎంను తగ్గించింది.

రెంచి

మూడోగేరు గారూ, అయస్కాంతానికి పట్టిన బూడిద రంగు ముద్ద మామూలు అరుగుదల. అంటని బంగారు పొడి మాత్రం సింక్రో రింగుల (గేరు పడే ముందు వేగాలను కలిపే రింగులు) ఇత్తడి. క్లచ్ పూర్తిగా వదలకపోతే ఇంజను ఇన్‌పుట్ షాఫ్టును లాగుతూనే ఉంటుంది. ఇంజనుతో పోరాడుతూ గేరు వేగాలను కలపవలసిన పని ఆ పలుచని రింగు మీద పడుతుంది. మీ మూడో గేరు గరగర అలా మొదలై ఉంటుందని నా అంచనా. పలుకులు, పెచ్చులు లేకుండా సన్నని పొడి మాత్రమే ఉంటే గేర్‌బాక్సు ఇప్పుడే విప్పనవసరం లేదు. మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోయండి. జీఎల్-4 (గేరు ఆయిల్ రకం) అని ఉన్నచోట "ఇంకా గట్టిది" అంటూ జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు ఇత్తడిని తినేయవచ్చు.

ముందుగా క్లచ్ ఆయిల్ స్లేవ్ దగ్గర నుంచి స్వచ్ఛంగా వచ్చేదాకా బ్లీడ్ చేయించి, ఒక ట్రాక్ డే చూడండి. మళ్ళీ నల్లబడితే స్లేవ్ సీళ్ళు పోయినట్టు, అప్పుడు గేర్‌బాక్సు దించక తప్పదు. దించిన రోజున స్లేవ్, రిలీజ్ బేరింగు (స్ప్రింగు వేళ్ళను నొక్కే బేరింగు) రెండూ కొత్తవి వేయించండి. బ్లీడర్‌ను పైకి తెచ్చే పొడిగింపు గొట్టం కూడా అప్పుడే పెట్టించండి, లేకపోతే ప్రతిసారీ కారు కింద దూరవలసి వస్తుంది. ప్లేటు మందం కొలిపించి, డ్యుయల్ మాస్ (రెండు ముక్కల) ఫ్లైవీల్ అయితే దాని ముక్కల మధ్య ఆట (వదులు) కంపెనీ పరిమితిలో ఉందో లేదో చూడమనండి. ఆ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వని షెడ్డులో క్లచ్ సెట్టుకు డబ్బు కట్టకండి.