ఎట్నా వెండి నాణెం: కళ్ళారా చూసినవాళ్ళున్నారా?

రాగిరూక: సిసిలీలోని ఎట్నా నగరం నాణెమంటూ ఒకాయన నాకు అమ్మజూపుతున్నాడు. నాలుగు ద్రాక్మాల (పాత గ్రీకు డబ్బు) వెండి నాణెం, 17 గ్రాములట. అసలుది ఎవరైనా చూశారా?

బెల్జియం తెలుగోడు: చూశానండీ. అసలుది ఒక్కటే ఉంది, బ్రస్సెల్స్ రాయల్ లైబ్రరీలో. బొమ్మ వైపు సిలేనస్ తల, గ్రీకు పురాణాల్లో మద్యదేవుడి తోడుగాడు. బట్టతల, గుర్రం చెవి, ఐవీ తీగ దండ. మెడ కింద బుల్లి పేడపురుగు! ఎట్నా పేడపురుగుల సైజు గురించి గ్రీకు హాస్యనాటకాల్లోనూ చెప్పుకున్నారు. బొరుసు వైపు చిరుతతోలు పరిచిన ఆసనం మీద గ్రీకు దేవతల రాజు జ్యూస్, ఎదురుగా చెట్టు కొసన గద్ద. పాత తులమున్నర కూడా తూగని వెండిలో అంత పనితనం చూసి అద్దాల పెట్టె ముందు నుంచి కదల్లేకపోయాను.

లావారాయి: ఆ ఊరు ఇప్పటి కటానియానే. నేను వెళ్ళాను. భవనాలు కూడా నల్లటి లావా రాతివే, వీధి చివర ఎట్నా కొండ కనబడుతుంది. క్రీ.పూ. 476లో సిరక్యూస్ ఏలిక హియరాన్ అక్కడివాళ్ళందరినీ లియొంటీనీ అనే మరో ఊరికి తరిమేసి, పదివేల మంది కొత్తవాళ్ళను దింపి, ఊరికి ఎట్నా అని పేరు మార్చాడు. ఊరు కట్టిన ఘనత తనదేనని గ్రీకు కవి పిండార్ చేత పాడించుకున్నాడు కూడా.

పాలేరు ఒడ్డు: నాణెం అందం సరే, నాకు గుర్తొచ్చేది ఇల్లూవాకిలీ వదిలి పోయినవాళ్ళే. హియరాన్ క్రీ.పూ. 467లో పోయాడు. క్రీ.పూ. 461లో పాతవాళ్ళు తిరిగొచ్చి, అతని సమాధిని పడగొట్టి, ఊరికి తమ పాత పేరు ‘కటానే’ మళ్ళీ పెట్టుకున్నారు. అక్కడున్న కొత్తవాళ్ళు ఎట్నా పేరు మోసుకుని ఇనెస్సా అనే వేరే ఊరికి చేరారు.

రాగిరూక: అంటే ‘కటానే’ ఊరు ఎట్నాగా ఉన్నది 15 ఏళ్ళేనన్నమాట!

బెల్జియం తెలుగోడు: అవునండీ. రెండోది నిజంగా దొరికితే ప్రపంచమంతా మోగిపోతుంది, ఇలా గుట్టుగా అమ్మరు. ఒకసారి అంచు చూడండి. పోత పోసిన నకలైతే చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద గాలి బుడగల గుంటలు ఉండొచ్చు. అసలు నాణేలు అచ్చుల మధ్య సుత్తితో కొట్టినవి.

రాగిరూక: భూతద్దంతో చూశాను. గీత ఉంది. తిరిగిచ్చేస్తున్నాను.