సమస్యాపూరణం: ‘ఒక్క చోట నద్ద నూరు మారె’

నిర్వాహకుడు:
ఈ వారం విషయం కోడ్ రాయకుండా వెబ్‌సైట్ థీమ్ (సైటు అలంకరణ మూస) రూపు మార్చుకోవడం. ఇచ్చిన సమస్య ఆటవెలది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు రాయాలి.

ఒక్క చోట నద్ద నూరు మారె

ఐదూ సూర్యగణాలే. యతి (పాదంలో రెండు చోట్ల అక్షరాల పొత్తు) మొదటి ‘ఒ’కీ, నాలుగో గణం మొదట సంధిలో దాగిన ‘ఊ’కీ. ఒక్క చోట రంగు అద్దితే ఊరంతా ఎలా మారుతుందన్నదే చిక్కు. ఆ చిక్కు విషయంతోనే విడిపోవాలి, మాటల గారడీతో కాదు. పాదాంతంలో విరామం ఉన్నట్టే లెక్క, అక్కడ సంధి చేయలేదని ఎవరినీ పట్టుకోను.

ఎక్కువమంది సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీదే రాస్తారనుకుంటాను కాబట్టి ఒక మాట. 2012లో 3.4 వెర్షన్‌తో వచ్చిన కస్టమైజర్‌లో థీమ్ చేసినవారు ఏ మీటలు పెడితే అవే మనకు దక్కేవి. 2022 జనవరిలో 5.9తో సైట్ ఎడిటర్ వచ్చాక, బ్లాక్ థీమ్‌లలో (పేరా, బటన్ లాంటి ముక్కలతో, అంటే బ్లాకులతో, కట్టినవి) రంగులు, ఫాంట్లు, ఎడాలు అన్నీ ‘స్టైల్స్’ అనే ఒకే చోటికి చేరాయి. సమస్యలోని ‘ఒక్క చోట’ అక్కడిదే.

గణగణ:
ఒక సందేహం. సైటు రూపు వివరాలు రాసే ‘అదనపు సీఎస్‌ఎస్’ పెట్టెలో రెండు ముక్కలు రాస్తే అది కోడ్ కిందకి వస్తుందా? థీమ్ ఫైల్ ఏదీ ముట్టుకోం కదా.

నిర్వాహకుడు:
వస్తుంది. 2016లో 4.7తో ఆ పెట్టె వచ్చింది. మంచి సదుపాయమే, నేనూ వాడతాను. కానీ అందులో రాసేది కోడే. ఒక సెమికోలన్ తప్పితే కంగారు పడాల్సిన చోటు ఈ వారం పద్యాల్లోకి రాకూడదు.

గణగణ:
సరే, అయితే ఇదిగో.

కోడు రాని వాడు కూర్చున్న వేళలో
స్టైల్సు తెరచి లింకు చాయ మార్చె
పుటలు వందలుండ పొందె నన్నియు రంగు
ఒక్క చోట నద్ద నూరు మారె

నిర్వాహకుడు:
చిక్కు సూటిగా విడింది. ఊరంటే సైటు, ఇళ్ళంటే పుటలు. రెండో పాదంలో ‘స్టై’కీ ‘చా’కీ యతి చక్కగా కుదిరింది. కానీ ‘కూర్చున్న వేళలో’ ఏం చేస్తోంది? గణాలు నింపడానికి కూర్చుంది, అంతే. ఆ స్థలంలో అతని అవసరం ఏమిటో చెప్పి ఉంటే పద్యం నిలబడేది.

వానచినుకు:
గణగణ గారి పద్యంలో ఒక్క మీట నొక్కగానే అన్నీ మారిపోయాయి. నిజానికి చాలా సైట్లలో అంత సులువుగా మారవు. ఎందుకు మారవో రాశాను.

బ్లాకులన్ని వెదకి పరుగెత్తి పూసెను
కొన్ని మరచిపోయె, కుదరదాయె
చెరిపి వాని నెల్ల శేషింపకుండగా
ఒక్క చోట నద్ద నూరు మారె

నిర్వాహకుడు:
ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇది. సైటు మొత్తానికి రంగు ఒకటి, ఏదో ఒక బటన్‌కి విడిగా పూసిన రంగు ఒకటి ఉన్నప్పుడు విడిగా పూసినదే గెలుస్తుంది. వర్డ్‌ప్రెస్ సొంత విలువల మీద థీమ్ విలువలు, వాటి మీద స్టైల్స్‌లో మనం మార్చినవి, అన్నిటికన్నా పైన ఆ బ్లాక్‌కి మాత్రమే పెట్టినవి. అందుకే కొత్తవాళ్ళు స్టైల్స్‌లో ఎంత మార్చినా హోమ్ పేజీలో రెండు బటన్లు మొండిగా పాత ఎరుపులోనే ఉంటాయి, థీమ్ పాడైందని టెన్షన్ పడతారు. పాడైంది ఏమీ లేదు, వాటి విడి రంగు తీసేస్తే దారికొస్తాయి. ‘చెరిపి వాని నెల్ల’ అన్న మూడు మాటల్లో ఇదంతా ఉంది. ‘శేషింపకుండగా’ కూడా పాదం నింపడానికి వచ్చింది కాదు. ఒక్కటి మిగిలినా ఊరు పూర్తిగా మారదు.

మంచెమీద:
విడిగా రంగు వేసిన బ్లాక్ బాగా కుదిరితే చెరపక్కర్లేదు కూడా. సైట్ ఎడిటర్‌లో ఆ బ్లాక్ సెట్టింగుల్లో, అడ్వాన్స్‌డ్ కింద, ‘అంతటా వర్తింపజేయి’ అనే బటన్ ఉంటుంది. ఆ బ్లాక్ రూపు ఆ జాతి బ్లాకులన్నిటికీ పాకుతుంది. దాన్ని ఎవరైనా పద్యంలో పెట్టాలి.

తీరికరాయుడు:

వేరు వేరు పుటలు నూరున్న సైటులో
థీము పాత దయిన తెలివి మీర
కొత్త వన్నె నొకటి కోరి క్లిక్కొట్టగా
ఒక్క చోట నద్ద నూరు మారె

‘అద్దన్ నూరు’ అని విరిచాను. నూరు పుటలూ మారాయని.

నిర్వాహకుడు:
అలా విరిస్తే నాలుగో పాదంలో యతి పోతుంది, ‘ఒ’కి ‘నూ’ చెల్లదు. మొదటి పాదంలోనూ అదే ఇబ్బంది, ‘వే’కి ‘నూ’ కుదరదు. ‘వేరు వేరు పుటలు వెలసిన సైటులో’ అంటే సరిపోతుంది, నూరు పోయి ఊరు మిగులుతుంది. మూడో పాదం బాగుంది. ఒకే థీమ్‌కి సిద్ధంగా ఉన్న నాలుగైదు రంగుల వేషాల్లోంచి ఒకటి ఎంచుకునే వీలు 2022లోనే 6.0తో వచ్చింది. ‘క్లిక్కొట్టగా’ నోటికి హాయిగా ఉంది, పండితులు ఏమన్నా సరే.

మంచెమీద:
నాది కాస్త వెటకారం.

పాల తెలుపుపైన పలుచని బూడిద
అక్షరాలు పెట్టి యంద మనెను
చదువ వచ్చినతడు సణిగి కన్నులు మూసి
ఒక్క చోట నద్ద నూరు మారె

నిర్వాహకుడు:
అందరూ ఊరి రంగు మార్చారు, మీరు మనిషిని ఊరే మార్పించారు! పాఠకుడు వేరే సైటుకి మకాం ఎత్తేశాడన్నమాట. విషయం కూడా గట్టిదే. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలని, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలని వెబ్ అందుబాటు మార్గదర్శకాలు చెబుతాయి. తెలుపు మీద #767676 అనే బూడిద ఆ గీతని అంచున దాటుతుంది. డిజైనర్లు ముచ్చటపడే #999999 మూడుకి కూడా చేరదు. బ్లాక్‌కి రంగు వేసేటప్పుడు ఈ తేడా మరీ తక్కువైతే ఎడిటరే హెచ్చరిస్తుంది. ఆ చిన్న వాక్యాన్ని ఎవరూ చదవరు, అది వేరే బాధ.

వానచినుకు:
పై రెండు పాదాల్లో కర్త ఒకరు, మూడో పాదంలో మరొకరు. ‘అంద మనెను’ అన్నవాడే ఊరు మారాడా అని ఒక్క క్షణం తడబడ్డాను.

మంచెమీద:
‘వచ్చినతడు’ ఉంది కదండీ. అయినా ఆ తడబాటు నాకు ఇష్టమే, అలా ఉంచేస్తాను.

నల్లపూస:
అందరూ రంగుల వెనకే పడ్డారు. తెలుగు సైటుకి అసలు రోగం వరుసల ఎడం. ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని చేసిన థీమ్‌లో తెలుగు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో దూరతాయి. 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ ఉంది కాబట్టి నోటో సాన్స్ తెలుగు తెచ్చుకోవడం, శీర్షికలకి రామభద్ర పెట్టుకోవడం అందరూ చేస్తున్నారు. ఎడం మాత్రం అక్షరాల సైజుకి 1.5 రెట్ల దగ్గరే వదిలేస్తున్నారు. నాకైతే 1.8 ఉంటే గానీ చదవబుద్ధి కాదు.

ఒత్తు కింది వరుస నొత్తుచు నుండగా
ఎడము కొంత పెంచ నింపు గలిగె
కోడు ముట్టలేదు, కొలత మార్చెను గాని
ఒక్క చోట నద్ద నూరు మారె

నిర్వాహకుడు:
మొదటి పాదం చదివి రెండుసార్లు తల ఊపాను. కానీ ‘అద్ద’ అనే క్రియకి ఇక్కడ పని లేదు. రంగు అద్దుతారు, కొలత అద్దరు కదా. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య గొలుసు తెగింది.

గణగణ:
ఈలోగా నాది రెండోది. ఈసారి ఎవరినీ కూర్చోబెట్టలేదు.

స్టైల్సు లోన రంగు సరిజేసి మురిసెను
థీము మార్ప నదియు తెరను దాగె
కొత్త థీము లోన కోరిన రంగేది?
ఒక్క చోట నద్ద నూరు మారె

నిర్వాహకుడు:
మొదటిదానికన్నా ఇది ఎన్నో మెట్లు పైన ఉంది. అద్దింది ఒక ఊళ్ళో, కాపురం పెట్టింది ఇంకో ఊళ్ళో. ‘తెరను దాగె’ అనడం కచ్చితమైన మాట. స్టైల్స్‌లో చేసిన మార్పులు ఆ థీమ్‌కే కట్టుబడి ఉంటాయి. కొత్త థీమ్‌కి రావు, పాత థీమ్‌ని మళ్ళీ పెట్టుకుంటే ఎక్కడివక్కడ కనిపిస్తాయి.

తీరికరాయుడు:
మరి థీమ్ అప్‌డేట్ చేస్తే? అప్పుడూ పోతాయా?

నిర్వాహకుడు:
పోవు. అవి డేటాబేస్‌లో ఉంటాయి, అప్‌డేట్ మార్చేది థీమ్ ఫైళ్ళని. ఫైళ్ళలోకి వెళ్ళి చేత్తో దిద్దినవే కొట్టుకుపోతాయి.

నల్లపూస:
మూడో పాదం మార్చాను. ‘లేత నీలి పూత లింకులకును గూడ’. ఇప్పుడు అద్దడానికి పూత ఉంది.

మంచెమీద:
తెలుపు మీద లేత నీలం లింకులా? మా పాఠకుడు ఇప్పుడే ఊరు మారాడు, ఇంకొకర్ని పంపకండి.

నల్లపూస:
‘ముదురు’ అంటే యతి పోతోందండీ. ‘లిం’కి ‘లే’ కావాలి.

వానచినుకు:
యతిని లింకు మీద నుంచి తీసేయండి. ‘నిండు నీలి పూత నిలిపి లింకులపైన’.

నిర్వాహకుడు:
గణాలు సరి, యతి సరి, రంగు కంటికి ఆనుతుంది. వరుసల ఎడం, లింకుల రంగు అని పద్యంలో రెండు పనులైన మాట నిజమే గానీ, రెండూ స్టైల్స్‌లోనే జరిగేవి కాబట్టి ఒప్పుకుంటున్నాను. నల్లపూస గారూ, నాలుగు పాదాలూ కలిపి మళ్ళీ పెట్టండి.