అక్కి లేచిందా, సర్పి పాకిందా?

ఒంగోలు నుంచి ఒక సభ్యురాలు అడిగారు:

"మా అత్తగారిది నెల్లూరు పక్కన పల్లె. నాలుగు రోజులుగా ఆమెకు నడుముకు కుడివైపు ఒకటే మంట, ఆ పైన వరసగా నీటి పొక్కులు. తనే చూసుకుని 'అక్కి లేచింది, కుమ్మరాయన చేత రాయించాల' అన్నారు. మా వైపు దీన్ని సర్పి అంటాం. అక్కి అంటే కన్నడంలో బియ్యం కదా, బియ్యానికీ ఈ పొక్కులకూ ఏం సంబంధమండీ?"

నా జవాబు:

బియ్యాన్ని పక్కన పెట్టండమ్మా. ఈ అక్కి మనకు అరవం మీదుగా వచ్చిన అగ్ని అని నా అభిప్రాయం. అగ్నికి తెలుగు వికృతి 'అగ్గి'. అగ్గిపెట్టె, అగ్గిపుల్ల, అగ్గిమీద గుగ్గిలం, అన్నీ గకారమే. అరవంలో కకారానికీ గకారానికీ అక్షరం ఒకటే, ద్విత్వమైతే పరుషంగానే పలుకుతుంది. అందుకే వాళ్ళకు అగ్ని 'అక్కిని' అయింది, అది ఇంకా అరిగి అక్కి. ఈ మాట తెలుగులోనే పుట్టి ఉంటే మీ అత్తగారు 'అగ్గి లేచింది' అని ఉండేవారు. నెల్లూరు మాటలో అరవం కలవడం కొత్తేం కాదు గదా.

ఇక సర్పి. వినగానే అందరికీ పామే గుర్తొస్తుంది. కన్నడంలో 'సర్పసుత్తు' అనే పేరు కూడా ఉంది కాబట్టి పాము అసలు లేదని అనను. కానీ వైద్యగ్రంథాల్లో ఈ జాతి రోగాలకు పేరు విసర్పం. ధాతువు సృప్, పాకడం. పాకేది గనక పాము సర్పమైంది, పాకే పుండు విసర్పమైంది. చరక సంహిత చికిత్సా స్థానంలో 21వ అధ్యాయం మొత్తం దీని గురించే. అందులో వాతపిత్తాలు రెండూ కలిసి రేగితే వచ్చే రకానికి 'అగ్నివిసర్పం' అని పేరు పెట్టారు. ఒంటి మీద నిప్పుకణికలు చల్లినట్టు ఉంటుందట, పొక్కులేమో కాలిన బొబ్బల్లా లేస్తాయట. ఆ ఒక్క పేరును మన రెండు జిల్లాలూ పంచేసుకున్నాయి. నెల్లూరు వాళ్ళు అగ్నిని ఉంచుకున్నారు, మీ ఒంగోలు వాళ్ళు విసర్పాన్ని తీసుకున్నారు.

ఇదే పంపకం ఎక్కడో రోములోనూ జరిగింది. లాటిన్ వాళ్ళు ఒంటిని మండించే ఇలాంటి పుళ్ళను 'ఇగ్నిస్ సాకెర్' అన్నారు, పవిత్రమైన అగ్ని అని. ఆ ఇగ్నిస్ మన అగ్నికి తోబుట్టువే. గ్రీకు వాళ్ళ 'హెర్పెస్'కు అర్థం పాకేది, అది మన సృప్ ధాతువుకు చుట్టం. అంటే ఇప్పుడు డాక్టరు చీటీ మీద రాసే హెర్పిస్ కూడా సర్పే!

ఇంకో చిత్రం, సంస్కృతంలో 'సర్పిస్' అంటే నెయ్యి. కరిగి జారేది గనక అదీ సృప్ సంతానమేనని మన సంప్రదాయ వ్యుత్పత్తి. విసర్పానికి పైపూతగా చెప్పిన వాటిలో శతధౌత ఘృతం ఒకటి, నూరుసార్లు నీళ్ళతో కడిగిన నెయ్యి. హోమంలో పోస్తే మంటను లేపే నెయ్యి ఇక్కడ మంటను ఆర్పే పనిలో ఉంది.

'రాయించాల' అన్నారు చూశారా, నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మాట. అరవంలో దీన్ని 'అక్కి ఎళుదుదల్' అంటారు, ఎళుదు అంటే అచ్చంగా వ్రాయడమే. మనకేమో వ్రాయడం, రాయడం అని రెండు క్రియలుండేవి, ఒకటి అక్షరానికి, ఒకటి పూతకు. వాడుకలో వకారం జారిపోయి రెండూ ఒకటైపోయాయి. కుమ్మరాయన చేసేదీ రెండు పనులే. జాజు, అంటే ఎర్రమన్ను, నీళ్ళలో అరగదీసి, కోడి ఈక ముంచి, ముందు పొక్కుల చుట్టూ గీత గీస్తాడు. లోపల ఎర్రగా పూసి, పక్కన తోక పైకెత్తిన సింహాన్ని వేస్తాడు. మా వీధిలో ఒకాయనకు వేసిన సింహం కుక్కలాగా వచ్చింది, అయినా ఎవరూ నవ్వలేదు. జాజు అంటే గైరికం, పిత్తాన్ని తగ్గించే చలవ వస్తువని వైద్య నిఘంటువుల్లో ఉంది. కుమ్మరే ఎందుకంటే, రోజూ ఆవం కాల్చి నిప్పును లొంగదీసుకున్న చెయ్యి అని పెద్దలు చెప్పేవాళ్ళు.

టంగుటూరు నుంచి జ్యోతిషం తెలిసిన ఒక పెద్దాయన:

"సింహం ఊరికే రాలేదు నాయనా. మేషం, సింహం, ధనుస్సు అగ్నితత్త్వ రాశులు. సింహానికి అధిపతి రవి. అగ్నిరోగానికి అగ్నిరాశి బొమ్మ వేస్తున్నారు."

నా జవాబు:

అయ్యా, వినడానికి బాగానే ఉంది గానీ నాకు నమ్మకం కుదరడం లేదు. అదే లెక్కయితే పొట్టేలు బొమ్మ, విల్లు బొమ్మ కూడా ఎక్కడో ఒకచోట కనపడాలి. పైగా రాశుల తత్త్వాలు నాలుగే, ఆకాశానికి అక్కడ చోటు లేదు. పంచభూతాలను అయిదింటినీ లెక్కగా పంచింది గ్రహాలకు. బృహజ్జాతకమనే జ్యోతిష గ్రంథంలో వరాహమిహిరుడు 'శిఖి భూ ఖ పయో మరుద్గణానాం' అని మొదలుపెట్టి కుజుడికి నిప్పు, బుధుడికి నేల, గురుడికి ఆకాశం, శుక్రుడికి నీళ్ళు, శనికి గాలి ఇచ్చాడు. కుజుడికి అంగారకుడని పేరుండనే ఉంది, అంగారం అంటే నిప్పుకణిక. అక్కికి జ్యోతిషంలో చుట్టాన్ని వెతకాలంటే నేను అంగారకుడి గడప తొక్కుతాను. ఆయన రంగు ఎరుపు, జాజుతో కూడా కుదురుతుంది. సింహం మటుకు రోగాన్ని బెదిరించడానికి వేసిన బొమ్మ అనుకుంటా. ఒకటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. ఈ తంతు పుట్టినచోట రోగాన్ని పాముగా అనుకోలేదు, అనుకుని ఉంటే గరుత్మంతుణ్ణి వేసేవాళ్ళు.

ఉదయగిరి నుంచి ఒకరు:

"అన్నా, మా కొండల్లో అగ్నిమాత దొరుకుతుంది. పేరులోనే అగ్ని ఉంది గదా, వేరు నూరి అక్కి మీద పెడితే?"

నా జవాబు:

వద్దు తమ్ముడూ, ఎవరికీ చెప్పొద్దు కూడా. అగ్నిమాత అంటే చిత్రమూలం. 'చిత్రకో వహ్నిసంజ్ఞకః' అని అమరం, అదే అమరకోశమనే సంస్కృత నిఘంటువు, అంటే నిప్పుకు ఎన్ని పేర్లున్నాయో దీనికీ అవే పేర్లని. పచ్చివేరు నూరి చర్మం మీద పెడితే బొబ్బలెక్కుతుంది, ప్లంబాజిన్ అనే పదార్థం అందులో ఉంది. అందుకే వైద్యులు దాన్ని సున్నపు తేటలో నానబెట్టి శుద్ధి చేశాకే వాడతారు, అదీ కడుపులోకి, జఠరాగ్ని మందగించిన వాళ్ళకు. అమరంలోనే నల్లజీడికి అగ్నిముఖి అని పేరుంది. చాకళ్ళు బట్టల మీద గుర్తుకు వాడిన ఆ గింజ రసం తగిలినా ఒళ్ళు పొక్కుతుంది. మొక్క పేరులో అగ్ని ఉంటే అది అగ్నిని పుట్టించేదని అర్థం, ఆర్పేదని కాదు. విసర్పానికి చెప్పినవన్నీ చలవవి, గరిక, వట్టివేరు, మర్రి, రావి, మేడి పట్టలు.

మళ్ళీ ఒంగోలు నుంచి:

"డాక్టరుకు చూపించాం. ఇది చిన్నప్పటి ఆటలమ్మే మళ్ళీ లేచిందన్నారు. అత్తగారి భయం వేరు. పొక్కుల వరస నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదట."

నా జవాబు:

డాక్టరు చెప్పింది నిజం. ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ నరాల మొదళ్ళలో దాక్కుంటుంది. వయసు మీదపడో, ఒంట్లో శక్తి తగ్గో ఉన్నప్పుడు ఒక నరం వెంట బయటికి పాకుతుంది. ఆ నరం వెన్ను నుంచి ఒక పక్కకే వస్తుంది గనక పొక్కులు మామూలుగా నడుం మధ్య గీత దాటవు. ఇక తలా తోకా కలిసేదెక్కడ? అది చెప్పండి, సగం భయం పోతుంది. మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, ఆలస్యమైనా డాక్టరు ఇచ్చినవి ఆపొద్దు. జాజు రాయించే తీరుతానంటే పగిలిన పొక్కుల మీద మాత్రం పడనివ్వకండి. నుదురు, కన్ను, ముక్కు కొస దగ్గర లేస్తే మటుకు రాయించే మాటే వద్దు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి.

చిత్తూరు, కడప వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ వైపు అక్కి రాస్తారా, వేస్తారా?